గేటు మీది కాగితాల పూలు

నర్సరీ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఎరువు పేరు. ఏది వేస్తే చెట్టు బాగా పూస్తుందని అడుగుతారు. ఎరువు సంగతి సంచి మీదే రాసి ఉంటుంది. సంచి మీద రాయనివి కొన్ని ఉన్నాయి. వాటిని నేను మొక్కల్ని చంపి, అబద్ధాలు చెప్పి, ఒక మనిషి కంటికి చేటు తెచ్చి నేర్చుకున్నాను. మీకు అంత అవసరం రాకూడదని ఇది రాస్తున్నాను.

నా పేరు రెడ్డెమ్మ. తొంభైల మొదట్లో మదనపల్లెలో ఒక నర్సరీలో కవర్లకు మట్టి నింపే కూలిమనిషిగా చేరాను. పదో తరగతి పాసయ్యాను కాబట్టి, కొన్నేళ్లకు ఇళ్లకు వెళ్లి చెట్లు చూసే పని అప్పగించారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నా చేతికింది ఊళ్లు. గులాబీలు, మల్లెలు, మందారాలు అన్నీ చూశాను గానీ, నాకు పని నేర్పింది మాత్రం బోగన్‌విల్లా. ఆ పేరు మా బోర్డు మీదే ఉండేది. కొనేవాళ్లందరూ కాగితాల పూలచెట్టు అనే అడిగేవాళ్లు.

పన్నెండు మొక్కలు

నర్సరీ ఓనరు క్రిష్ణప్ప. వయసులో కొన్నాళ్లు బెంగుళూరు తోటల్లో పని చేసి వచ్చిన మనిషి. మాట తక్కువ.

నేను చేరిన మొదటి ఏడు ఒక కల్యాణ మండపం వాళ్లు పన్నెండు బోగన్‌విల్లాలు కావాలన్నారు. వాటిని కవర్లలోంచి కుండీల్లోకి మార్చమని నాకు చెప్పి క్రిష్ణప్ప ఊరికి పోయాడు. అంతకు ముందు వారమే గులాబీ మొక్కల పాత మట్టి దులిపి కొత్త మట్టిలో పెట్టడం చూశాను. దీనికీ అదే పద్ధతి అనుకున్నాను. కవరు చించి, మట్టిముద్దను నేలకు తట్టి, మట్టంతా రాల్చేశాను. వేర్లు శుభ్రంగా బయటికి కనిపిస్తుంటే పని బాగా చేస్తున్నాననుకున్నాను.

నాలుగో రోజుకు ఆకులు వాలాయి. వాలాయని ఇంకా నీళ్లు పోశాను. పది రోజులకు పన్నెండూ పోయాయి.

క్రిష్ణప్ప వచ్చాక తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చచ్చిన మొక్కలన్నిటినీ నా చేతనే పీకించాడు.

"సూడు, వేర్లు ఎట్లుండాయి?"

"సన్నంగా ఉండాయప్పా."

"ఎంత సన్నంగా?"

"ఎంటికల మాదిరి."

"పైన ముళ్లు సూసి ఇది మొండి సెట్టు అనుకుంటివి. కింద సూస్తివా?"

ఆ రోజునుంచి ఈ చెట్టును కవరులోంచి తీసేటప్పుడు మట్టిముద్ద చెదరనివ్వలేదు. కవరును బ్లేడుతో నిలువుగా కోసి, ముద్దను రెండు చేతులతో అట్లాగే కుండీలో దించాలి. పెద్ద కుండీ కూడా వద్దు. వేర్లు కాస్త ఇరుకుగా ఉంటేనే పూస్తుంది. నేలలో పాతుకున్న చెట్టునైతే వేరే చోటికి మార్చే ఆలోచనే పెట్టుకోవద్దు. పదింటిలో ఒకటి బతుకుతుందేమో.

మండపం వాళ్లు మొక్కల కోసం వస్తే, అవి ఇంకా వేరు పట్టలేదని, కొన్నాళ్లు ఆగమని క్రిష్ణప్ప చెప్పాడు. నా తప్పు దాచాడని నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అబద్ధం ఆయన నోట్లోంచి అంత సులభంగా ఎట్లా వచ్చిందని ఆ రోజు ఆలోచించలేదు.

కుప్పం టీచరమ్మ

బోగన్‌విల్లాను కొమ్మ ముక్కలతో పెంచుతారు. ఏ రంగు చెట్టు కొమ్మ నాటితే ఆ రంగే పూస్తుంది. అందుకని మడిలో ఏ వరస ఏ రంగో చీటీలు గుచ్చేవాళ్లం. ఒక వానాకాలం ఆ చీటీలు సగం కొట్టుకుపోయాయి. చిగురు ఎర్రగా ఉంటే రాణీ రంగు, లేత పచ్చగా ఉంటే తెలుపు అని కొంతవరకు చెప్పొచ్చు గానీ, నమ్మడానికి లేదు. ఏం చేయాలని క్రిష్ణప్పను అడిగాను.

"వాళ్లు అడిగిన రంగే సెప్పు. పూసేదానికి ఏడాది పడతాది. అప్పటికి ఎవురికి గుర్తుంటాది?"

అట్లా చెప్పే అమ్మాను. ఆ మొక్కల్లో రెండు కుప్పం చేరాయి. హైస్కూల్లో సైన్సు చెప్పే సరోజమ్మ గారు మదనపల్లెకు ఏదో పనిమీద వచ్చి, గేటుకు ఒక పక్క రాణీ రంగు, ఇంకో పక్క తెలుపు పెట్టాలని ముచ్చటపడి కొన్నారు. "ఇది తెలుపేనా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అవునన్నాను.

రెండేళ్ల తర్వాత నర్సరీకి ఆమె నుంచి కార్డు వచ్చింది. చెట్లు పెరుగుతున్నాయి, ఒక్క పువ్వు లేదు, ఎవరినైనా పంపమని.

బస్సులో కుప్పం పోయి చూశాను. చెట్లు నిగనిగలాడుతున్నాయి. అరచేతులంత ఆకులు. ఇంటి సన్‌షేడు కింద నీడలో, కుండీల్లో ఉన్నాయి. నెలనెలా పేడ ఎరువు, పొద్దున్నే బడికి పోయే ముందు బకెట్టు నీళ్లు. బోగన్‌విల్లా ఆకులు చూడాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. పువ్వు కావాలంటే అన్నీ తిరగెయ్యాలి. కుండీలు రోజంతా ఎండపడే చోటుకు జరిపించాను. పేడ ఆపమన్నాను. ఆకు వాలేదాకా నీళ్లు పోయొద్దన్నాను.

"సెట్టును ఎండబెట్టేదానికి పిలిస్తినా నిన్ను?" అన్నారామె.

"ఎండదమ్మా. కొంచెం బాధపడితేనే పూస్తాది ఇది."

నెల తర్వాత మళ్లీ పోయాను. పూయలేదు. కుండీలో వేలు పెట్టి చూస్తే మట్టి తడి.

"నీళ్లు పోసినారమ్మా."

"ఒక్క చెంబు పోసినా."

"ఎన్ని దినాలు?"

సరోజమ్మ గారు గోడవైపు చూశారు. "దినామూ పోస్తాండా. వాలిన ఆకు సూసి బడికి పోయేదానికి కాళ్లు రావు రెడ్డెమ్మా."

ఇళ్లకు పోయి చెట్లు చూసేవాళ్లకు ఇది బాగా పరిచయమైన కష్టం. చెట్టుకు ఏం కావాలో చెప్పడం చిన్న పని. చెట్టు ముందు నిలబడే మనిషిని ఆపడమే పెద్ద పని. ఆమెను తిట్టలేదు. వాలిన ఆకులు సాయంత్రం కాసిని నీళ్లకు లేచి నిలబడటం ఆమెకే చూపించాలని ఆ పూట అక్కడే ఉండిపోయాను. లేచాయి. ఆమెకు ధైర్యం వచ్చింది.

ఈసారి కార్డులో ఒకే మాట ఉంది. "పూసినాయి, వచ్చి చూడు."

పోయి చూశాను. రెండు కుండీలూ రాణీ రంగులో మండుతున్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"తెలుపు ఏదమ్మా?" అన్నారు మెల్లగా.

చీటీలు వానకు పోయిన సంగతి చెప్పాను. ఏ రంగో తెలియకుండానే తెలుపని చెప్పానన్నాను. క్రిష్ణప్ప చెప్పమన్నాడని మాత్రం అనలేదు. నోరు నాది.

"తెలవదని సెప్పింటే కొనకుండా పోయింటానా? ఏ రంగు వస్తాదో సూద్దామని ఇంకా ఆశగా పెంచుకోనుందును గదా."

కాఫీ ఇచ్చి పంపించారు. ఆ తర్వాత కూడా పిలిచేవారు. కానీ నేను ఏం చెప్పినా, "నిజమేనా?" అని ఒకసారి అడిగేవారు. చివరిదాకా అడిగారు.

మదనపల్లె రాగానే, పూసి రంగు తేలనిదే ఇకమీద ఏ మొక్కకూ రంగు చెప్పనని క్రిష్ణప్పతో అన్నాను. "నువ్వు నాకు నేర్పించేదానివా?" అని మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చేసరికి పూసిన మొక్కలు ఒక పక్క, పూయనివి ఇంకో పక్క పేర్చి ఉన్నాయి. నువ్వు చెప్పింది సరే అని ఆయన ఏనాడూ అనలేదు. పై అధికారి తప్పు ఒప్పుకుంటాడని ఎదురుచూస్తూ కూర్చోకండి. పని మారితే చాలు.

నాగరత్నమ్మ గారి ఆర్చి

ఇప్పుడు చెప్పబోయేది నేను చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

పుంగనూరులో నాగరత్నమ్మ గారి ఇంటి గేటు మీద ఇనుప ఆర్చి ఉండేది. దాని మీదికి పాకేటట్టు బోగన్‌విల్లా పెట్టమన్నారు. క్యాలెండర్లలో ఉండే ఇళ్లన్నిటికీ గేటు మీద ఈ చెట్టే ఉంటుంది. నాకూ బాగుంటుందనే అనిపించింది. పెట్టాను. ఐదారేళ్లలో ఆర్చి కనిపించకుండా కమ్ముకుంది. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో వీధికంతా ఆ ఇల్లే ఆనవాలు.

రెండు నెలలకొకసారి పోయి కత్తిరించేదాన్ని. ఈ చెట్టుకు ఒక గుణం ఉంది. చెట్టు మొదట్లోంచి, కొమ్మల మధ్యలోంచి ఒక్కసారిగా నిలువు కొమ్మలు తోసుకొస్తాయి. వాటికి పూలు తక్కువ, ముళ్లు పొడుగు. పెరిగి పెరిగి తమ బరువుకే వంగి కిందికి వేలాడతాయి. వాటిని మొదలంటా తీసెయ్యాలి.

ఆ ఏడు నేను పోయేసరికి అట్లాంటివి మూడు, గేటు మీద మనిషి మొహం ఎత్తులో వేలాడుతున్నాయి. కత్తెర తీశాను. నాగరత్నమ్మ గారు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చారు.

"ఇప్పుడు కొయ్యొద్దు రెడ్డెమ్మా. పది దినాల్లో పాపకు నిశ్చితార్థం ఉండాది. వచ్చేవాళ్లు ఈ గేటు సూసుకోనే లోపలికొస్తారు. అయిపోనీ, తర్వాత నీ ఇష్టం."

"ఇవి మొగానికి తగలతాయమ్మా."

"ఇంట్లోవాళ్లందరికీ తెలుసులే."

కొయ్యాలని నాకు తెలుసు. ఆమె మొహం చూసి ఆగిపోయాను. మధ్యేమార్గమని పురికొసతో ఆ మూడు కొమ్మల్నీ పైకి లాగి ఆర్చికి కట్టాను. పచ్చి కొమ్మ రోజూ పెరుగుతుంది, బరువెక్కుతుంది. పురికొస పెరగదు. ఇది నాకు తెలియని విషయం కాదు.

ఎనిమిదో రోజు, నిశ్చితార్థానికి ముందు చెట్టును ఒకసారి చూద్దామని మళ్లీ పోయాను. పురికొస ఒకటి తెగి ఉంది. ఒక కొమ్మ గేటుకు అడ్డంగా వేలాడుతోంది. లోపల నాగరత్నమ్మ గారు ప్యాకెట్టు పాలు కాస్తున్నారు. ఆ ఇంటికి చౌడేపల్లె పక్కనుంచి వెంకట్రమణప్ప అనే ఆయన సైకిలు మీద క్యాన్లు పెట్టుకుని పాలు తెచ్చేవాడు. ఆయన రాలేదా అని ఊరికే అడిగాను.

"మూడు దినాలైంది వచ్చి. కంట్లో కొమ్మ తగిలిందంట. తల వంచుకోని రావల్ల గదా గేట్లో."

సైకిలు పట్టుకుని గేటు తోసేవాడు తల ఎట్లా వంచుతాడు? ముందు కత్తెర తీసి ఆ మూడు కొమ్మల్నీ మొదలంటా కోసేశాను. ఈసారి ఆమెను అడగలేదు. ఎస్టీడీ బూత్‌కు పోయి క్రిష్ణప్పకు ఫోను చేసి, వెంకట్రమణప్పను చూడటానికి పోతున్నానని చెప్పాను.

"నువ్వు పోవద్దు," అన్నాడు. "పోతే తప్పు మనదే అంటారు."

"మనదే గదప్పా."

ఆయన ఫోను పెట్టేశాడు. నేను ఆటో ఎక్కి వాళ్ల పల్లెకు పోయాను.

ముల్లు మొన

వెంకట్రమణప్ప కొట్టం ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కంటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భార్య గంగమ్మ ఆవుకు గడ్డి వేస్తోంది. ముల్లు గుచ్చుకున్నాక కూడా ఆ రోజు మిగిలిన ఇళ్లన్నిటికీ పాలు పోశాకే ఇంటికి వచ్చాడట. ఎవరో చెబితే ఆముదం వేశారు. మూడు రోజులుగా అదే వైద్యం.

నేనెవరో చెప్పాను. "ఆ కొమ్మ నేను కొయ్యాల్సింది. కొయ్యకుండా కట్టినాను. కట్టు తెగింది," అన్నాను.

గంగమ్మ గడ్డి చేతిలోంచి వదిలింది. "కోసేదానివి కొయ్యకుండా కట్టినావా? ఇప్పుడు ఆ మాట సెప్పేదానికి వచ్చినావా?"

వెంకట్రమణప్ప కలగజేసుకున్నాడు. కోపంగా కాదు, భయంగా.

"అమ్మా, నీకు ఆ సెట్టు సంగతి తెలుసు గదా. ఆ ముల్లులో ఇసం ఉండాదంటాండారు. రెండో కన్ను గూడా పోతాదా?"

ఇట్లా అడిగినప్పుడు మనిషికి ధైర్యం చెప్పాలనిపిస్తుంది. ఏం కాదు అనడం నాకు సులభం. నాకు తెలియని సంగతి తెలిసినట్టు సరోజమ్మ గారికి ఒకసారి చెప్పి ఉన్నాను.

"నాకు తెలవదన్నా. మా సేతుల్లో గుచ్చుకుంటే వాచి, రెండు మూడు దినాలకు తగ్గతాది. కంటి సంగతి నాకు తెలవదు. డాక్టరే సెప్పల్ల. ఇప్పుడే పోదాం పాండి."

"ఆవును ఎవురు సూస్తారు?" అంది గంగమ్మ. పక్కింటావిడను పిలిచి అప్పగించింది. ముగ్గురం బస్సెక్కి మదనపల్లె వచ్చాం. దారిపొడవునా గంగమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాత్రం ఒకసారి, "పూలు బాగుంటాయి ఆ ఇంట్లో," అన్నాడు.

కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. ముల్లు మొన విరిగి నల్లగుడ్డు మీదే ఉండిపోయింది. చుట్టూ చీము పట్టింది. మొన తీసి, మందులు వేసి, వారం రోజులు అక్కడే ఉంచుకున్నాడు. ఇంకో రెండు రోజులు ఆగుంటే కన్నే తీసెయ్యాల్సి వచ్చేదన్నాడు. మొదటి రోజే వచ్చుంటే చూపు నిలిచేదని కూడా అన్నాడు. రెండు మాటలూ విన్నాను.

కన్ను ఉంది. చూపు రాలేదు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా ఎవరైనా కదిలితే తెలుస్తుంది, అంతే. ఒక్క కంటితో దూరం అంచనా దొరకదు. పాలు పోస్తే గిన్నె పక్కన పడేవి. కొన్నాళ్లకు గంగమ్మే ఆయనతో ఇంటింటికీ వచ్చి పాలు పోసేది. ఆయన సైకిలు నడిపించుకుని వచ్చేవాడు.

పెకలించిన చెట్టు

ఆయన్ను ఆసుపత్రిలో చేర్చిన మరునాడు, అంటే నిశ్చితార్థం ముందు రోజు, గేటు మీద మిగిలిన కొమ్మలు కూడా తీసెయ్యడానికి పోయాను. నాగరత్నమ్మ గారు గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఒక్క దినం, రెడ్డెమ్మా! రేపటికి పూలుండల్ల గదా!"

"ఉండవమ్మా."

ఆమె గొంతు తగ్గించారు. "కన్ను పోయిందంట, నిజమేనా?"

"సూపు పోయింది."

"మా ఇంట్లో ఎవురికీ తగల్లేదు..." అంటూ గేటు పైకి చూశారు. పక్కకు జరిగారు. నేను కోస్తుంటే పూలకొమ్మలన్నీ ఆమే వీధి పక్కకు లాగి వేశారు. మరునాడు చుట్టాలు ఉత్త ఇనుప ఆర్చి కింద నడిచి లోపలికి పోయారు. పెళ్లి నిశ్చయం బాగానే జరిగిందని విన్నాను.

ఆ తర్వాత ఆమె, పొట్టిగా కత్తిరించి ఉంచుకుంటానన్నారు. చెట్టు మళ్లీ పెరుగుతుంది, నేను మళ్లీ రెండు నెలలకొకసారే వస్తాను, ఆ మధ్యలో ఎవరో ఒకరు గేటు తోస్తారు అన్నాను. తీసి వెనక పెరట్లో పెట్టమన్నారు. బతకదని చెప్పాను. అయినా పెట్టి చూద్దామన్నారు. చుట్టూ తవ్వి, ఎంత మట్టితో వస్తే అంత మట్టితో తీసి పెట్టాను. బతకలేదు.

ఆమె వెంకట్రమణప్పను చూడటానికి పోయారో లేదో నాకు తెలియదు. పాలు మాత్రం మళ్లీ వాళ్ల దగ్గరే పోయించుకున్నారు. ఈ సంగతి పాకి పుంగనూరులో రెండిళ్ల వాళ్లు నన్ను పిలవడం మానేశారు. క్రిష్ణప్ప, "పేరు చెడగొట్టినావు," అన్నాడు. కానీ గేట్ల మీదికి బోగన్‌విల్లా పెట్టించుకునేవాళ్లు వస్తే, ఆ తర్వాత ఆయనే గోడ వారగా పెట్టుకోమని చెప్పి పంపేవాడు.

నా తప్పు ఎక్కడుందని చాలాకాలం ఆలోచించాను. పురికొసలో లేదు. మొదట ఆ చెట్టును గేటు మీద పెట్టడంలో ఉంది. తర్వాత, కొయ్యాలని తెలిసీ ఆమె మీది మొహమాటానికి ఆగడంలో ఉంది. పని తెలియక చేసిన తప్పుకు పన్నెండు మొక్కలు పోయాయి. తెలిసి చేసినదానికి కన్ను పోయింది. ఇంటివాళ్లు మనల్ని పిలిచేది వాళ్లకు నచ్చినట్లు చేయడానికే. అయినా ఆ గేట్లోంచి పేపరు వేసేవాళ్లు, పాలు పోసేవాళ్లు, ఉత్తరాలు తెచ్చేవాళ్లు వస్తారు. వాళ్ల తరఫున అక్కడ మాట్లాడేది మనమొక్కరమే.

కొట్టం వెనక

నాలుగైదేళ్ల తర్వాత ఒక రోజు వెంకట్రమణప్ప, గంగమ్మ నర్సరీకి వచ్చారు. కొట్టం వెనక చేలో అడవిపందులు పడి చెనక్కాయ పంటను తవ్వి పోస్తున్నాయట.

"కంచెకు ఆ ముళ్లసెట్లు కావల్ల," అన్నాడాయన.

"వేరే రకాలు ఉండాయన్నా," అన్నాను.

"దాని ముల్లు ఎట్లాంటిదో నాకు తెలిసినట్ల ఎవురికి తెలుసు? అదే ఇయ్యి."

గంగమ్మ మొహం తిప్పుకుంది. కానీ వద్దనలేదు. రంగు ఏది కావాలని అడిగితే, ఏదైనా సరే, పందులు రంగు చూడవన్నాడు.

మొక్కలు ఆటోలో వేసుకుని నేనే పోయాను. గట్టున నాటే మొక్కలకు, ఆవులు తోలుకుపోయే దారికి మధ్య ఎంత ఎడం ఉంచాలని అడిగాడు. ఆరడుగులు ఉంటే చాలన్నాను. ఆయన దారి అంచున నిలబడి, తల కాస్త పక్కకు తిప్పి, కుడి కంటితో నేలను చూసుకుంటూ పాదాలతో ఆరడుగులు కొలిచాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశాడు. సరిపోయిందో లేదో ఆయనకు అంచనా దొరకలేదు. గంగమ్మను పిలిచి దారి అంచున నిలబెట్టి, దారిన పోయేవాళ్లకు ముల్లు అందుతుందేమో చూడటానికి చెయ్యి చాపమన్నాడు. తర్వాత దారికి ఇంకో మూడడుగులు ఎడంగా జరిగి, గడ్డపార దించాడు.